వేరు చూసినావా?

(రేడియో ప్రసంగ పాఠము)

 

ఏ వీధిలో చూసినా కొత్త దుకాణాలు వెలిస్తే "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటాము. రాత్రికి రాత్రే లేచి, పొద్దెక్కేసరికి వాడిపోయే వాటికి ఆ పోలిక పెట్టుకున్నాము. కాని అనంతపురం నేలమీద పుట్టినవారికి ఆ మాటలో వెక్కిరింత కంటే సంతోషమే ఎక్కువగా వినబడుతుంది. పుట్టగొడుగు లేచిందంటే వాన పడిందన్నమాట!

మన నేల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మన పాలు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు సముద్రం మనకు దూరం గనుక ఈశాన్యపు వానలు ఇక్కడికి వచ్చేసరికి నీరసిస్తాయి. 2022లో జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది గాని, మేఘాలు మాత్రం రెండు జిల్లాలకూ ఒక్కలాగే ముఖం చాటేస్తాయి. అటువంటి నేలమీద ఒక మంచి వాన పడి, ఉరుము ఉరిమి, తెల్లవారేసరికి గట్టుమీది చెదపుట్టపై తెల్లని గొడుగులు విప్పుకొని కనబడితే ఎవరి కాలు ఆగదు? ఉరుముకే అవి లేస్తాయని మన పెద్దలు చెప్పేవారు.

ఈ దినము ఆ పుట్టగొడుగును మన మధ్య ఉంచుకొని ఒక సంగతి ధ్యానించుదాము. ముందుగా నా ఇంట జరిగినది చెప్పనివ్వండి.

అప్పుడు నాకు పదేండ్లు. ఆ ఏడు వేరుశెనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. నాయన బెంగుళూరుకు కూలికి పోయినాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, నేను, నాలుగేండ్ల చెల్లెలు. రాగి సంగటి ఎట్లో ఉడికేది గాని, సంగటిలోకి కూర లేదు. ఒకనాటి సాయంత్రం ఉన్నట్టుండి గట్టి వాన పడింది. తెల్లవారి పుట్టల దగ్గరికి పరుగెత్తినాను. నాకంటే ముందు ఎవరో వచ్చి అన్నీ కోసుకొని పోయినారు. ఏడుపు మొహంతో తిరిగి వస్తుంటే, ఊరి బావి పక్కన పసరిక నేలమీద పెద్ద పెద్ద తెల్లని గొడుగులు వరుసగా కనబడినాయి. దేవుడే ఇచ్చినాడనుకున్నాను. చొక్కా ఒడి నిండా కోసుకొని ఇంటికి తెచ్చినాను.

అవ్వ అప్పటికే కలుపుకు పోయింది. పుట్టల దగ్గరికే పోతానని నేను చెప్పి పోయినాను గనుక అమ్మకు అనుమానం రాలేదు. ఎర్రగడ్డ, మిరపకాయ వేసి వండింది. చాలా దినాల తరువాత ముగ్గురమూ కడుపునిండా తిన్నాము. రెండు గంటలు గడవకముందే వాంతులు, విరేచనాలు మొదలైనాయి. మా చెల్లెలు గుడ్లు తేలవేసింది. ఊరివారు ఎద్దుల బండిమీద తారురోడ్డుకు చేర్చి, అక్కడినుండి బస్సులో ఆసుపత్రికి తీసుకొని పోయినారు. రెండు దినాలు సెలైను ఎక్కించిన తరువాత దేవుని కృపవలన ముగ్గురమూ బ్రతికినాము.

అవ్వ వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. తిట్టలేదు, కొట్టలేదు. ఒకే ఒక మాట అడిగింది.

"వేరు చూసినావా అబ్బీ?"

"లేదవ్వా. గొడుగు బాగుందని తెచ్చినా."

ప్రియులారా, ఆ ప్రశ్న ఈ నాటికీ నన్ను విడిచిపెట్టలేదు.

ఇప్పుడు మీ బైబిలు తెరచి రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయము, 38 నుండి 41 వచనములు చదువుకోండి. ఎలీషా గిల్గాలుకు వచ్చిన కాలమున దేశములో కరవు ఉన్నది. ప్రవక్తల శిష్యులకు వంట చేయాలి. పెద్ద కుండ పొయ్యిమీద పెట్టారు. వారిలో ఒకడు ఆకుకూరల కోసం పొలములోనికి వెళ్లి, ఒక అడవి తీగను చూచి, దాని కాయలను బట్ట నిండా కోసుకొని వచ్చాడు. తరిగి కుండలో వేశారు. అవి ఏ కాయలో వారిలో ఎవరూ ఎరుగరు. అది చేదుపుచ్చ అయి ఉండవచ్చునని చాలామంది వ్యాఖ్యాతలు తలంచారు. ఎండు ఇసుక నేలలో పాకే ఆ తీగ పుచ్చతీగలాగే కనబడుతుంది. కాయ మాత్రం కడుపును చీల్చివేస్తుంది. వడ్డించి తినబోయేసరికి, ఇందులో చావు ఉన్నదని వారు దైవజనునితో మొరపెట్టారు.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి. మొదటిది, అది కరవు కాలము. కడుపు కాలుతున్నప్పుడు కన్ను తొందరపడుతుంది. రెండవది, కాయలు తెచ్చినవాడు దుర్మార్గుడు కాడు. తన సహోదరుల ఆకలి తీర్చాలనే ఎండలో తిరిగాడు. వాని బట్ట నిండుగా ఉన్నది, వాని హృదయమూ నిండుగా ఉన్నది. తెలివి ఒక్కటే కొరవడింది. మూడవది, రుచి చూచినవారు మొగమాటపడి ఊరకుండలేదు. దైవజనుడు ఉన్నాడు గదా, వండినవాడు నొచ్చుకుంటాడు గదా అనుకోలేదు. కేక వేశారు. ఆ కేకవలననే అందరూ బ్రతికారు.

ఎలీషా ఆ కుండలో పిండి వేయించాడు, అపాయము తొలగిపోయింది. అయితే అది దేవుడు చేసిన అద్భుతమే గాని, మనము ఇంట్లో చేసి చూడవలసిన వైద్యము కాదు. ఈ భేదము మరువవద్దు.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘము కొరకు చేసిన ప్రార్థన ఆ పత్రిక 1వ అధ్యాయము 9వ వచనములో ఉన్నది. వారి ప్రేమ పెరగాలని కోరి ఊరుకోలేదు; ఆ ప్రేమకు తెలివి, వివేచన తోడు కావాలని కోరాడు. చెల్లెలిమీద నాకు ప్రేమ లేదా? ఉన్నది. ఆ ప్రేమే దానిని చావు గడప వరకు తీసుకొని పోయింది. ప్రేమ ఉంటే చాలదు, ప్రేమకు కన్నులుండాలి. ఈ దినము నేను చెప్పదలచినది ఇదొక్కటే.

మరి అవ్వ వేరును గూర్చి ఎందుకు అడిగింది? పుట్టగొడుగు అనే పేరులోనే జవాబు ఉన్నది. అది పుట్టకు పట్టిన గొడుగు. చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి పుట్ట లోపల తేనెపట్టు వంటి గూళ్లు కట్టుకుంటాయి. ఆ గూళ్లమీద ఒక రకమైన బూజును పెంచుతాయి. మనము మడి చేసినట్లే అవి ఆ బూజును సాగు చేస్తాయి. కట్టెలోని గట్టిదనాన్ని బూజు మెత్తబరుస్తుంది, చెదలు దానిని తింటాయి. వాన పడి నేల నానినప్పుడు ఆ బూజు చీకటిలోనుండి కాడను పైకి పంపి గొడుగు విప్పుతుంది. అందుకే అసలైన పుట్టగొడుగు కాడ నేలతో ఆగదు. పుల్లతో మెల్లగా తవ్వితే, తెల్లని వేరువలె సన్నబడుతూ పుట్టలోని గూటి వరకు దిగిపోతుంది. బావి పక్కన నేను కోసిన గొడుగుకు అటువంటి వేరు లేదు. అవ్వ ఉండి ఉంటే ఒక్క చూపులో చెప్పేది.

ఈ సంగతిని శ్రద్ధగా చూచి వ్రాసిన తొలివారిలో ఒకరు మన దేశానికి వచ్చిన మిషను వైద్యుడే. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1768లో తమిళనాడు తీరంలోని తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా వచ్చాడు. తంజావూరు ప్రాంతంలో చెదపుట్టలను పరిశీలించి, లోపలి గూళ్లను, వాటిమీది బూజును చూచి, 1779లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆయన 1785లో మన తెలుగు నేలమీదనే, కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు.

ఇంకొకరు ఇంగ్లాండులో గ్రామ సంఘాలకు కాపరిగా ఉన్న పాదిరి, మైల్స్ జోసఫ్ బర్క్‌లీ. 1845లో ఐర్లండులో ఆలుగడ్డ పంట కుళ్లిపోయి ఘోరమైన కరవు మొదలైంది. ఆ కరవులో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. కుళ్లు పుట్టిన తరువాత బూజు పట్టిందని ఎందరో వాదించారు. బర్క్‌లీ సూక్ష్మదర్శినిలో ఆకును పరిశీలించి, బూజు కుళ్లుకు ఫలితము కాదు, కుళ్లుకు కారణమే బూజు అని 1846లో వ్రాశాడు. ఆయన మాటే నిజమని తరువాత తేలింది. ఆ మరుసటి ఏడు, 1847లో, సింహళం నుండి తనకు పంపిన ఒక పుట్టగొడుగుకు ఆయన శాస్త్రీయ నామము పెట్టాడు. గ్రీకు భాషలో ఆ పేరుకు అర్థమేమిటో తెలుసా? మంచి వేరు గలది! చదువు రాని మా అవ్వ, ఎంతో చదివిన ఆ పాదిరి, ఇద్దరూ చూచినది ఒకటే. పైనున్న గొడుగును కాదు, కిందనున్న వేరును.

ప్రియ శ్రోతలారా, ఇప్పుడు మీ చేతిలో ఫోను ఉన్నది. మా అవ్వకు లేని కన్ను అది. వాన పడిన మరునాడు మా సంఘములోని పిల్లలను తీసుకొని నేను గట్లవెంట వెళ్తుంటాను. మేము కోయము, తొక్కము, తినము. చూచి ఫొటో తీసుకొని వస్తాము. మీరూ అలా చేయాలనుకుంటే కొన్ని మాటలు జ్ఞాపకముంచుకోండి.

పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదిరితే గొడుగు వాడిపోతుంది, పురుగు పడుతుంది. పుట్ట రంధ్రాలలో చెయ్యి పెట్టవద్దు, పాము ఉండవచ్చు. పుట్టను పగులగొట్టవద్దు, అది చెదల ఇల్లు, పైగా మన ఇరుగుపొరుగువారు కొందరు దానిని పూజిస్తారు, వారి మనస్సు నొప్పించడం మనకు తగదు.

మొదటి ఫొటో కొంచెం దూరం నుండి తీయండి. అది పుట్టమీద లేచిందా, పేడమీదనా, కుళ్లిన కట్టెమీదనా, పసరికలోనా అన్నది కనబడాలి. రెండవది పైనుండి, పక్కన ఒక రూపాయి బిళ్లను పెట్టి తీయండి, పరిమాణము తెలుస్తుంది. మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఫోనును నేలమీద పెట్టి, మన ముఖము తీసుకొనే కెమెరాను పైకి చూపించండి. గొడుగు అడుగున ఉండే రేకులు, కోయకుండానే కనబడతాయి. నాలుగవది పక్కనుండి, కాడమీద ఉంగరమువంటి పట్టీ ఉన్నదా లేదా తెలిసేలాగున తీయండి. ఐదవది కాడ మొదలు. పెద్దలు దగ్గరుండగా ఒక్కదాని చుట్టూ మాత్రం పుల్లతో మట్టి తీసి చూడండి. తేది, ఊరు, ఎప్పుడు వాన పడిందో ఒక కాగితంమీద వ్రాసిపెట్టుకోండి.

ఇంకొక పరీక్ష ఉన్నది. విప్పుకొన్న గొడుగు ఒకటి తీసుకొని, కాడ తీసివేసి, సగము తెల్లగా సగము నల్లగా ఉన్న కాగితంమీద బోర్లించి, పైన గ్లాసు మూసి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి సన్నని పొడి రాలి ఉంటుంది. పుట్టమీది గొడుగులకు అది లేత గులాబి రంగులో పడుతుంది. పసరిక నేలల్లో పెరిగే ఒక పెద్ద తెల్లని విషపు గొడుగుకు ఆకుపచ్చగా పడుతుంది. చిన్నప్పుడు మేము తిన్నది బహుశా ఇదే. ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి.

ఈ ఫొటోలను ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గాని, ఐనాచురలిస్ట్‌లో గాని పెడితే తెలిసినవారు చూచి పేరు చెప్పడానికి సాయపడతారు. అయితే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఫొటో పేరు తెలుసుకోవడానికే, తినడానికి అనుమతి కాదు. ఫోనులోని ఏ యాప్ చెప్పినా, ఎవరు చెప్పినా, దానిని నమ్మి కుండలో వేయవద్దు. నేను చెప్పిన గుర్తులను బట్టి కూడా వేయవద్దు. మా అవ్వ గుర్తు మా అవ్వ గట్టుకు, ఆమె యాభై ఏండ్లు ఎరిగిన ఆ ఒక్క రకానికి. వేరే కొండకు, వేరే రాష్ట్రానికి అది చెల్లదు.

మన ఊళ్లలో కొన్ని నమ్మకాలు ఉన్నాయి. వెండి నాణెము నల్లబడకపోతే మంచిదంటారు. వెల్లుల్లి రంగు మారకపోతే భయము లేదంటారు. పురుగు తిన్నది మనిషీ తినవచ్చునంటారు. బాగా ఉడికిస్తే విషము పోతుందంటారు. ఇవేవీ నిజము కావు. ప్రాణము తీసే కొన్ని గొడుగుల విషము ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల నుండి ఇరవైనాలుగు గంటల వరకు ఏమీ తెలియదు. తరువాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ మీదట ఒక దినము తగ్గినట్లే కనబడుతుంది. ఆ లోపలే కాలేయము పాడైపోతూ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అస్సాములో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. వారూ ఆకలిగొన్నవారే, వారి ఇంటిలోనూ ప్రేమతోనే వండారు.

అటువంటిది మీ ఇంట జరిగితే నాటు వైద్యము కోసం, తగ్గుతుందేమో అన్న ఆశతో, ఒక్క గంట కూడా ఆలస్యము చేయవద్దు. 108కి ఫోను చేయండి. మిగిలిన గొడుగును, వండిన కూరను, తీసిన ఫొటోను డాక్టరుకు చూపండి. తిన్నవారందరినీ తీసుకొని వెళ్లండి, బాగున్నామని చెప్పేవారిని కూడా. ప్రార్థన చేయండి, ఆసుపత్రికి పోయే దారిలో చేయండి.

సహోదరీ సహోదరులారా, గొడుగును చూచి మోసపోవడం పుట్టగొడుగుల దగ్గరే ఆగదు. బిడ్డ పెండ్లి కోసం, ప్రేమతోనే, ఫోనులో ఒక్క నిమిషంలో వచ్చే అప్పు తీసుకుంటాము. ఇచ్చినవాడు ఎవడో, వడ్డీ ఎంతో చూడము. ఎవరో మంచి మాటకారి వచ్చి మందులు మానేయుమంటే, తల్లిమీద ప్రేమతోనే ఆమె మాత్రలు ఆపివేస్తాము. మంచి చెట్టును దాని ఫలమునుబట్టి తెలుసుకోవాలని ప్రభువు మత్తయి 7వ అధ్యాయములో నేర్పించాడు. ఆకు చూచి కాదు, పువ్వు చూచి కాదు.

ఇంకొక తప్పు కూడా ఉన్నది. తెలియని గొడుగు కనబడితే పిల్లలు కాలితో తన్ని పోతారు. మన సంఘములోనికి కొత్త మనిషి వస్తే, పాత బట్టలతో వలస కూలీ వచ్చి వెనుక కూర్చుంటే, మనమూ మనస్సులో అలాగే తన్నివేస్తాము. తెలియనిదానిని తొందరపడి కుండలో వేయడము ఒక తప్పయితే, తొందరపడి తొక్కివేయడము ఇంకొక తప్పు. ఈ రెండింటికి మధ్య ఒక మార్గము ఉన్నది. మోకాళ్లు వంచి, తల వంచి, నిదానించి చూడడము. పుట్టగొడుగు ఫొటో తీయాలన్నా అంతే. నిలువుగా నిలబడి తీస్తే గొడుగే కనబడుతుంది. నేలకు దిగితేనే వేరు కనబడుతుంది.

పోయిన వానకాలంలో మా చెల్లెలు తన కూతురిని వెంటబెట్టుకొని ఊరికి వచ్చింది. నాలుగేండ్ల వయస్సులో గుడ్లు తేలవేసిన ఆ చెల్లెలే! ఆమె నా వెంట గట్టుమీదికి వచ్చినప్పుడు ఇద్దరమూ కొంతసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. పాప మాత్రం తడి మట్టిలో బోర్లా పడుకొని, ఫోను పట్టుకొని చాలాసేపు చూచింది. తరువాత లేచి పరుగెత్తుకొని వచ్చింది.

"మామా, వేరు చూసినా! చానా లోపలికి పోయింది!"

ఆ దినము మేము ఒక్క గొడుగు కూడా కోయలేదు. ఫొటోలు తీసుకొని, ఇంటికి వచ్చి, చెట్నీతో సంగటి తిని దేవుని స్తుతించాము.

ప్రార్థించుకుందాము. ప్రేమగల మా పరలోకపు తండ్రీ, ఎండిన నేల అడుగున కూడా నీవు జీవమును దాచి ఉంచినందుకు నీకు స్తోత్రములు. ఆకలిలో తొందరపడే మా చేతులను ఆపుము. మా ప్రేమకు చూపు దయచేయుము. మా పొలములకు వాన, మా బిడ్డలకు క్షేమము, ఈ మాటలు వింటున్న ప్రతి ఇంటికి నీ సమాధానము అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.